రేవు పక్కన పూటకూళ్ల ఇల్లు, రాతి అంచున కోట

మొదటి రోజు

న్యూకాసిల్‌కి వచ్చి మూడు వారాలైనా అమ్మకి ఇంగ్లండ్ ఇంకా ఒంటబట్టలేదు. ఇల్లు బాగుంది, పార్కు బాగుంది, కానీ "సముద్రం పక్కనే అన్నావు, ఏదే?" అని రోజూ అడుగుతుంది. ఆవిడ పుట్టింది యానాం దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట. ఉప్పుగాలి తగలకపోతే ఊపిరాడదు. అందుకే జూన్ రెండో వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి, ఇద్దరం క్రాస్టర్ అనే చిన్న ఊరికి బయల్దేరాం. నార్తంబర్లాండ్ తీరంలో, స్కాట్లండ్ సరిహద్దుకి కొంచెం దిగువన ఉంటుంది ఆ ఊరు.

రైలు అరగంటలో ఆల్న్‌మత్‌లో దింపేసింది. ఎక్కాల్సిన బస్సు మాత్రం రాలేదు. తర్వాతది గంటకి. వాన తుంపర, చేతిలో పెట్టె, పక్కన డెబ్బై ఏళ్ల తల్లి. నాకు టెన్షన్ మొదలైంది గానీ అమ్మ షెల్టర్‌లో కూర్చుని తెచ్చుకున్న పులిహోర డబ్బా తీసింది. "బస్సు రాకపోతే ఆకలి ఆగుతుందా, తిను" అంది.

ఊరు కంటపడక ముందే వాసన తగిలింది. కట్టెల పొగ, ఆ పొగలో చేప. బస్సు దిగుతూనే అమ్మ ఆగిపోయి రెండుసార్లు గాలి పీల్చింది. "ఎండుచేపలు కాదే ఇవి. కాలుస్తున్నారు... కాదు, పొగ పెడుతున్నారు" అంది. మూడు వారాల్లో ఆవిడ గొంతులో హుషారు వినడం అదే మొదటిసారి.

క్రాస్టర్ అంటే నిజానికి ఒక రేవు, ఆ రేవు చుట్టూ చేరిన రాతి ఇళ్లు. అంతే. రెండు గోడలు సముద్రంలోకి చేతులు చాపినట్టు వెళ్తాయి. వాటి మధ్య నాలుగు పడవలు. పోటు తీసినప్పుడు ఆ పడవలు బురదలో ఓ పక్కకి ఒరిగి కూర్చుంటాయి. వాటిలో పాతకాలం వాటిని ఇక్కడ కోబుల్ అంటారు. ముందు భాగం లోతుగా, వెనక భాగం బల్లపరుపుగా ఉంటుంది. రేవు లేని చోట కూడా అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి ఎక్కించడానికి ఆ ఆకారం. ఈ రేవు కట్టక ముందు తరతరాలుగా ఇక్కడివాళ్లు అలాగే చేసేవాళ్లు.

ఊరి వాసన పుట్టేది రోడ్డుకి ఒక పక్క ఉన్న పొగ ఇంట్లో. దానికి దాదాపు ఎదురుగా, సముద్రం అంచున, జాలీ ఫిషర్‌మన్ ఉంటుంది. 1847లో కట్టిన పబ్. పబ్ అనగానే అమ్మ మొహం ముడుచుకుంది. "తాగే చోటికి నేను రాను" అంది. అప్పుడు చెప్పాను: ఇది మన పూటకూళ్ల ఇల్లు లాంటిదమ్మా. పల్లెల్లో దారిన పోయేవాడికి అన్నం, చలికి నిప్పు, నాలుగు కబుర్లు దొరికే చోటు అదొక్కటే. పిల్లలూ వస్తారు, ముసలివాళ్లూ వస్తారు. పీత సూప్ ఇక్కడ పేరు మోసింది.

పీత అన్నాక ఇంకేం మాట్లాడలేదు, లేచి వచ్చింది.

కిటికీ పక్కన బల్ల దొరికింది. గాజుకి అవతలే నీళ్లు. సూప్ చిక్కగా, మీగడతో, పైన కాస్త మిరియాలపొడితో వచ్చింది. అమ్మ ఒక చెంచా తాగి, సంచిలోంచి చిన్న సీసా తీసి కాస్త కారం చల్లుకుని, మళ్లీ తాగింది. "పీత తాజాదే. కారమే తెలీదు పాపం వీళ్లకి" అంది.

ఇలాంటి ఇళ్లకి తీరపు ఊళ్లలో ఉన్న చోటు అర్థం కావాలంటే అక్కడ కాసేపు ఊరికే కూర్చోవాలి. ఇంగ్లండ్ పల్లెల్లో ఊరందరూ చేరగలిగే గది ఇదొక్కటే ఉన్న రోజులు చాలాకాలం నడిచాయి. మునిగిపోయినవాళ్ల శవాలు ఒడ్డుకి చేరితే, ఆ చావు ఎలా జరిగిందని విచారణ జరిపేది కూడా చాలాచోట్ల పబ్ గదుల్లోనే. ఇక్కడైతే జాలర్ల పక్కన రాతిగని కూలీలు కూడా కూర్చునేవాళ్లు, ఎందుకంటే ఊరికి చేపతో పాటు రాయి కూడా బతుకుతెరువే. దాని సంగతి తర్వాత చెబుతాను.

బయటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఇంకా వెలుతురే. ఉత్తరాన తీరం మలుపులో, గడ్డి దిబ్బ మీద ఏదో విరిగి నిలబడి ఉంది. గాలిగోపురం నడిమి భాగం కూలిపోయి రెండు పక్కలూ మిగిలినట్టు కనిపించింది. "అదేంటే గుడా?" అంది అమ్మ. కాదు, రేపు మనం వెళ్లే కోట. డన్‌స్టన్‌బరో.

రెండో రోజు

లేచి చూస్తే కోట లేదు. సముద్రమూ లేదు. రాత్రికి రాత్రి మంచు దిగి రేవు గోడ చివరిదాకా కూడా కనిపించడం లేదు. చల్లటి నీటి మీదికి వెచ్చటి గాలి వస్తే ఇలా మంచు కమ్ముతుంది, ఈ తీరంలో ఫ్రెట్ అంటారు. మేం బస చేసిన ఇంటావిడ "మధ్యాహ్నానికి విడిపోతుంది, వెళ్లండి" అని ధైర్యం చెప్పింది.

కోటకి కారు వెళ్లే దారి లేదు. రెండు కిలోమీటర్ల పైచిలుకు, సముద్రం పక్కన గొర్రెలు మేసే పచ్చికలోంచి నడవాలి. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. కోట గుమ్మం దాకా రోడ్డు వేసి ఉంటే ఈపాటికి అక్కడ ఐస్‌క్రీం బండ్లు తప్ప ఏమీ మిగిలేది కాదు. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పైన నా కోటు వేసుకుని, కాళ్లకి స్పోర్ట్స్ షూస్‌తో నెమ్మదిగా నడిచింది. పావుగంటకోసారి ఆగాం. ఆగినప్పుడల్లా మంచులోంచి పక్షుల అరుపులు ఇంకాస్త దగ్గరగా వినిపించాయి. కిట్టివేక్ అనే సముద్రపు పక్షులవి. అవి అరిచేదే ఆ పేరు. కోట ఉత్తరం వైపు నిట్టనిలువు రాతి గోడకి వందల కొద్దీ గూళ్లు పెట్టుకుంటాయి. అంటే కోటని మేం ముందు విన్నాం, తర్వాత చూశాం.

ఇరవై అడుగుల దూరంలోకి వెళ్లాక ఒక్కసారిగా గోడ పైకి లేచింది. అమ్మ "అమ్మో" అని నా చెయ్యి పట్టుకుంది.

ఇది థామస్ కట్టించిన కోట. లాంకాస్టర్ ప్రభువు, రాజు రెండో ఎడ్వర్డ్‌కి దాయాది. అయిదు ప్రాంతాలకి ప్రభువు, రాజు తర్వాత దేశంలో అంత ఆస్తి ఉన్నవాడు లేడు. రాజుకి ప్రాణంతో సమానమైన గావెస్టన్ అనే అనుచరుణ్ని 1312లో థామస్, మరికొందరు ప్రభువులు పట్టి చంపించారు. రాజు అది మర్చిపోడని థామస్‌కి తెలుసు. మరుసటి ఏడే, 1313లో, ఇక్కడ పని మొదలుపెట్టించాడు. తన మిగతా భూములకి దూరంగా, సముద్రం అంచున, స్కాట్లండ్‌కి దగ్గరలో. ఎంత పెద్ద స్థలమంటే, గోడల లోపల దాదాపు పదెకరాలు ఉంటుంది. అప్పట్లో స్కాట్లండ్ నుంచి దాడులు ఎక్కువ. 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో ఇంగ్లండ్ ఓడాక ఈ తీరానికి దిక్కులేదు. ఊళ్లవాళ్లు పశువులతో సహా వచ్చి తలదాచుకోవడానికి ఆ జాగా పనికొచ్చింది.

కానీ గుమ్మం చూస్తే తలదాచుకునేవాడి గుమ్మంలా లేదు. రెండు వైపులా గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు, మధ్యలో దారి. ఆ రాళ్లు చెక్కిన తీరు దగ్గరగా చూశాను. పసుపు కలిసిన ఇసుకరాయి, ఒక్కో దిమ్మా అద్దినట్టు పక్కదానితో కలిసింది. గాలీ ఉప్పూ ఏడువందల ఏళ్లుగా తింటూ వస్తే కొన్ని రాళ్లు మధ్యలో గుల్లబారాయి, వాటి మధ్య సున్నం మాత్రం గీతల్లా పైకి తేలి ఉంది. అమ్మ ఒక గుంటలో వేలు పెట్టి చూసి, పక్కదాంట్లో పెట్టి చూసి, "మా నాన్నమ్మ వాళ్ల రుబ్బురోలు అరిగినట్టు అరిగింది" అంది. నేను తీసుకెళ్లిన పుస్తకాల్లో అంత మంచి వర్ణన లేదు.

కోట చుట్టూ పల్లంలో చెరువులు తవ్వించి నీళ్లు పెట్టించాడు థామస్. శత్రువుకి అడ్డమే, కానీ దూరం నుంచి వచ్చేవాడికి నీళ్లలో కోట నీడ కనపడాలనే కోరికా ఉందంటారు తవ్వకాలూ కొలతలూ చేసినవాళ్లు. ఈయన స్కాట్లండ్‌వాళ్లతో రహస్యంగా ఉత్తరాలు నడిపినప్పుడు పెట్టుకున్న మారుపేరు "ఆర్థర్ రాజు". ఆ ఒక్క ముక్కతో మనిషి మనసు తెలిసిపోతుంది.

1322లో రాజుతో యుద్ధం ముదిరి, థామస్ సేన ఉత్తరానికి వెనక్కి తగ్గింది. ఈ కోటకే వస్తున్నాడని చాలామంది చరిత్రకారుల నమ్మకం. దారిలో బరోబ్రిడ్జ్ దగ్గర వంతెన మీద రాజు తరఫు సేన అడ్డం నిలిచింది. మార్చి 16న ఓడిపోయాడు. ఆరు రోజులకి, తన సొంత పాంటిఫ్రాక్ట్ కోట బయటే తల తీశారు. ఇక్కడికి ఇంకా వంద మైళ్ల పైనే. తొమ్మిదేళ్లు కట్టించుకున్న ఇంట్లో కాపురం పెట్టనే లేదు.

ఇది చెబుతుంటే అమ్మ గోడ నీడన కూర్చుని వింటోంది. కాసేపాగి, "వాళ్లావిడ ఏమైంది?" అని అడిగింది. ఈ కథ చెప్పినవాళ్లలో ఎవరినీ నేను అడగని ప్రశ్న. థామస్ భార్య ఆలిస్ డి లేసీ. అయిదు ప్రాంతాల్లో రెండు, లింకన్, సాలిస్‌బరీ, ఆవిడ వైపు నుంచి వచ్చినవే. అప్పటికే ఇద్దరూ విడిగా ఉంటున్నారు. అతను పోయాక రాజు మనుషులు ఆవిణ్ని చెరలో పెట్టి, ఆస్తిలో చాలా భాగం రాయించుకున్నారు. "అదీ సంగతి. గోడలు కట్టేదొకళ్లు, పోగొట్టుకునేది ఇంకొకళ్లు" అంది అమ్మ, మోకాళ్లు పట్టుకుని లేస్తూ.

మెట్లు తిరిగి తిరిగి పైకి వెళ్లాక మంచు విడిపోవడం మొదలైంది. ముందు కింద గడ్డి, తర్వాత లిల్‌బర్న్ బురుజు, తర్వాత ఉత్తరాన అర్ధచంద్రంలా ఎంబుల్టన్ బే ఇసుక, ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి. అమ్మ కిందే ఉండిపోయింది. పైనుంచి చెయ్యి ఊపితే ఊపింది.

థామస్ తర్వాత కోట చివరికి మూడో ఎడ్వర్డ్ రాజు కొడుకు జాన్ ఆఫ్ గాంట్ చేతికి వచ్చింది. 1381లో దక్షిణాన తనంటే గిట్టని రైతులు తిరగబడినప్పుడు ఆయన ఈ సరిహద్దులోనే ఉన్నాడు. ఇక్కడి పెర్సీ ప్రభువు తన కోట తలుపు తియ్యలేదు. గాంట్ స్కాట్లండ్‌లో ఆశ్రయం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ అవమానం తర్వాత డన్‌స్టన్‌బరోని గట్టిపరిచాడు. థామస్ మురిసిపోయి కట్టించిన ఆ ముందు గుమ్మాన్ని మూయించి దాన్నే లోపలి కోటగా మార్చి, పక్కన వేరే దారి పెట్టించాడు. ఆ తర్వాత లాంకాస్టర్, యార్క్ వంశాల పోరులో, 1460ల్లో, కోట చేతులు మారుతూనే ఉంది. సర్ రాల్ఫ్ పెర్సీ దీన్ని 1462 చివర్లో యార్క్ వాళ్లకి అప్పగించాడు. వాళ్లు నమ్మి మళ్లీ ఆయనకే ఇస్తే ఏడాది తిరక్కుండా పాత పక్షానికి మళ్లాడు. 1464లో యుద్ధంలోనే పోయాడు. కోట దెబ్బలు తిని మరి తేరుకోలేదు. 1538 నాటికే బాగా శిథిలమైందని రాజుగారి అధికారులు రాసుకున్నారు. 1797లో చిత్రకారుడు టర్నర్ ఇటు వచ్చి బొమ్మలు గీసుకుని, మరుసటేడు లండన్‌లో చూపించాడు. అప్పటి నుంచి జనం రావడం పెరిగింది. అంటే ఇది చూడటానికి పనికొచ్చే శిథిలంగా బతికిన కాలం, కోటగా బతికిన దానికంటే ఎక్కువ.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ కాసింది. నేరుగా జాలీ ఫిషర్‌మన్‌కే వెళ్లాం. ఈసారి అమ్మ ముందు నడిచింది.

మూడో రోజు

పొద్దున్నే పొగ ఇంటి దగ్గరికి. 1856 నాటి కట్టడం, ఇప్పుడు రాబ్సన్ కుటుంబం నడుపుతోంది. నాలుగు తరాలుగా ఇదే పని. పైకప్పులో చెక్క సందుల్లోంచి పొగ సన్నగా కారుతూ ఉంటుంది. కౌంటర్ దగ్గరున్నాయన అమ్మ ఆసక్తి చూసి ఓపిగ్గా చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. హెర్రింగ్ చేపని వీపు వెంట చీలుస్తారు, పేగులు తీస్తారు, ఉప్పునీళ్లలో కాసేపు ముంచుతారు, కొక్కేలున్న కర్రలకి తగిలించి కింద ఓక్ చెక్క పొట్టు రాజేస్తారు. పదహారు గంటల దాకా. మంట లేవకూడదు, పొగే పనిచెయ్యాలి. అలా అయ్యాక దాన్ని కిప్పర్ అంటారు.

అమ్మ ఒక జత చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తెరిచిన పుస్తకంలా ఉంది చేప, లోపలివైపు రాగి చెంబు తోమినప్పటి రంగు. పైన రెండు పక్కలా రెండు చిన్న చిల్లులు. కొక్కెం గుర్తులవి. ముళ్లు సన్నగా, వెంట్రుకల్లా, లెక్కలేనన్ని. "ఇన్ని ముళ్లా! పులస లాగానే ఉందే" అంది. ఆ మాట నిజం. పులస కూడా హెర్రింగ్ జాతికి చుట్టమే. గోదావరి వరదనీటికి ఎదురీదే ఆ చేపా, ఈ చల్లటి సముద్రంలో గుంపులుగా తిరిగే ఈ చేపా ఎక్కడో ఒకే ఇంటివి. నేనది చెప్పగానే అమ్మ చేపని ఇంకోసారి చూసింది, ఊళ్లో చుట్టాన్ని చూసినట్టు.

ఒకప్పుడు స్కాట్లండ్ నుంచి ఆడపిల్లలు హెర్రింగ్ గుంపుల వెనకే తీరం వెంట ఒక్కో రేవూ దిగుతూ వచ్చేవాళ్లు, చేపలు చీల్చే పనికి. పొట్టి కత్తి జారి వేళ్లు తెగేవి, ఆ గాయంలో ఉప్పు. అందుకని వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకునేవాళ్లు. ఇప్పుడు చీల్చడానికి మెషీన్ ఉంది. చేప మాత్రం ఇక్కడి పడవల్లోంచి రాదు. అతిగా పట్టడం వల్ల నార్త్ సీలో హెర్రింగ్ తరిగిపోయి, 1977లో వేటే ఆపేయాల్సి వచ్చింది. వేట మళ్లీ మొదలైనా ఈ రేవుకి ఆ చేప తిరిగి రాలేదు. పొగ ఊరిదే, చేప మాత్రం దూరం సముద్రాలది. నాకు ఇది బాధగానే అనిపించింది. పులస ఎగువకి రాకుండా ఆనకట్టలూ వలలూ ఏం చేశాయో చూస్తూ పెరిగినవాళ్లం.

తర్వాత రేవు గోడ మీద నడిచాం. ఈ రేవు 1906లో కట్టారు. ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న క్రాస్టర్ కుటుంబం, చనిపోయిన తమవాడి జ్ఞాపకంగా కట్టించింది. కెప్టెన్ జాన్ చార్లెస్ పుల్లీన్ క్రాస్టర్. ఆయన పనిచేసింది బ్రిటిష్ ఇండియా సైన్యంలో. 1904లో యంగ్‌హస్బెండ్ నడిపిన టిబెట్ దండయాత్రలో చనిపోయాడు. మన దేశం నుంచి బయల్దేరిన సైన్యం అది. నడిచినవాళ్లలో ఎక్కువమంది సిక్కు, గూర్ఖా, పఠాన్ సిపాయిలు. పాత తుపాకులతో, కత్తులతో ఎదురు నిలిచిన టిబెటన్లు వందల్లో చచ్చిపోయారు. ఎక్కడి హిమాలయం, ఎక్కడి ఈ రేవు! గోడ మీద నిలబడి ఉంటే గుండె బరువెక్కింది. ఆ కుటుంబం దుఃఖం నిజమే, దాన్ని ఊరి జాలర్లకి పనికొచ్చే రేవుగా మలచడం కూడా గొప్ప పనే. కానీ ఆ కొండల్లో పోయిన సిపాయిల ఊళ్లలో వాళ్ల పేరు మీద ఒక బావి అయినా ఉందా అని ఆలోచించకుండా ఉండలేకపోయాను. అమ్మకి చెబితే, "మన ఊళ్లో కూడా ఎవరో మిలిటరీకెళ్లి తిరిగి రాలేదని చెప్పుకునేవాళ్లు, పేరు గుర్తు లేదు" అంది.

గోడ చివర కాంక్రీటు దిమ్మ ఒకటి కమాను ఆకారంలో ఉంటుంది. అది రాయి కథ. ఈ తీరంలో చాలాచోట్ల కింద నుంచి ఉబికి గట్టిపడిన నల్లరాయి, దీన్ని ఇక్కడ విన్‌స్టోన్ అంటారు. కోట నిలబడింది ఆ రాతి అంచు మీదే, దేశానికి అడ్డంగా రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ నడిమి భాగం నిలబడిందీ ఆ రాతి వరస మీదే. ఊరి వెనక గనిలో ఆ రాయి కొట్టి, తీగల మీద తొట్టెల్లో రేవు చివరికి పంపి ఓడల్లోకి నింపేవాళ్లు. లండన్ వీధుల అంచు రాళ్లు చాలావరకు ఇక్కడివని చెబుతారు. 1939లో గని ఆగిపోయింది. ఇప్పుడు ఆ గొయ్యిలో కార్లు నిలుపుతున్నారు, పక్కనే చెట్లు పెరిగి పిట్టలకి రక్షితవనం అయింది.

మధ్యాహ్నం బస్సెక్కి "లో న్యూటన్" అనే ఊరి వైపు వెళ్లాం. కోట దాటి ఇసుక వెంట నడిచి వెళ్లాలనుకున్నాను గానీ అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు. మూడు వైపులా తెల్లటి జాలర్ల ఇళ్లు, మధ్యలో పచ్చిక, నాలుగో వైపు సముద్రం. ఆ మూలనే షిప్ ఇన్ అనే పబ్, పద్దెనిమిదో శతాబ్దం నాటిది. ఇక్కడి నుంచి కోట దక్షిణాన కనిపిస్తుంది. నిన్న మనం చూసిన కోటే, కానీ వెనక నుంచి, ఒంటరిగా. దారిలో ఎంబుల్టన్ ఊరు తగిలింది. పత్రికల వాళ్లు గుర్తుంచుకోవాల్సిన పాత్రికేయుడు డబ్ల్యూ. టి. స్టెడ్ అక్కడే 1849లో పుట్టాడు, 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయాడు.

నాలుగో రోజు

వెళ్లే ముందు అమ్మ ఒక్కతే పొద్దున్నే రేవు దాకా వెళ్లొచ్చింది. ఏం చూశావంటే, "పడవ ఒకటి పీత బుట్టలు దించుతోంది. ఆయన నాకు దణ్ణం పెట్టాడు" అంది. బహుశా చెయ్యి ఊపి ఉంటాడు. నేనేం అనలేదు.

రైల్లో కిప్పర్ల పొట్లం మూడు కవర్లలో చుట్టినా వాసన ఆగలేదు. ఎదురు సీటులో పెద్దాయన నవ్వి, "క్రాస్టర్?" అని ఒక్క మాట అడిగాడు.

ఇంటికి రాగానే అమ్మ వంకాయలు తరిగింది. ఎండుచేపల్ని వేసినట్టే కిప్పర్ ముక్కల్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన ఇగురులో చివర్న దింపింది. ఉప్పు వెయ్యలేదు, చేపలోనే ఉందని. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగి, "అత్తయ్యగారూ, ఎక్కడ దొరికాయి ఇవి?" అన్నాడు. అమ్మ అన్నంలో ముల్లు ఏరుతూ, థామస్ కథ మొదటినుంచి మొదలుపెట్టింది.